రిజిస్టర్ తిరగేయనిదే డేటాబేస్ రాదు

సంపాదకులకు నమస్కారం.

ఏ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీట్లు ఎన్ని పెరిగాయి, ఏ ర్యాంకు దాకా వచ్చాయి అన్న వార్తలు కౌన్సెలింగ్ రోజుల్లో పత్రికల నిండా ఉంటాయి. ఆ సీట్లలో చేరినవాళ్లు లోపల ఏం నేర్చుకుంటున్నారన్నది మాత్రం అంతగా చర్చకు రాదు. అందులో ఒక్క సంగతి గురించే ఈ ఉత్తరం. ఒక ఆఫీసుకో, హాస్టలుకో, ఆస్పత్రికో పనికొచ్చే సమాచార వ్యవస్థను రూపొందించి, నడిపించి, వాడేవాళ్ల చేతికి అప్పగించడం మన విద్యార్థులకు ఎవరూ సరిగ్గా నేర్పడం లేదు. దానికి కావలసిన పేపర్లన్నీ బీటెక్, ఎంసీఏ సిలబస్‌లలో ఉన్నాయి. డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) ఒక సెమిస్టర్లో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇంకోదాంట్లో, వెబ్ టెక్నాలజీస్ మరోదాంట్లో, ఆఖర్న ప్రాజెక్టు. ఏ రెండూ ఒకదాన్నొకటి తాకవు.

జేఎన్‌టీయూ పరిధిలో చదివిన చాలామందికి డీబీఎంఎస్ ల్యాబ్‌లో చేసిన 'రోడ్‌వే ట్రావెల్స్' గుర్తుండే ఉంటుంది. 1977 నుంచి నడుస్తున్నట్టు, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్నట్టు చెప్పే ఒక ఊహా బస్సుల కంపెనీ అది. ఈఆర్ డయాగ్రమ్ (ఏ సమాచారానికి దేనితో సంబంధమో చూపే బొమ్మ), టేబుళ్లు, నార్మలైజేషన్ (ఒకే సంగతి రెండుచోట్ల పడకుండా టేబుళ్లు విడగొట్టడం), ఆపైన క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు), ట్రిగ్గర్లు, ప్రొసీజర్లు, కర్సర్లు. వరుస మంచిదే, ఎన్నో బ్యాచ్‌లు దాని మీదే డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాయి. కాకపోతే ఆ కంపెనీలో వెళ్లి అడగడానికి మనిషి లేడు. అందుకే రికార్డుల్లో బస్సు టేబుల్ అంటే బస్సు నంబరు, బయలుదేరే ఊరు, చేరే ఊరు, కోచ్ రకం అని రాసేస్తారు. ఆర్టీసీ డిపోకి వెళ్లి ఐదు నిమిషాలు అడిగితే తెలుస్తుంది, బండి నంబరు వేరు, సర్వీసు నంబరు వేరు. రాత్రి తొమ్మిదింటి సర్వీసుకు వెళ్లాల్సిన బండి గ్యారేజీలో ఆగిపోతే ఇంకో బండి వేస్తారు. ప్రయాణికుడి టికెట్ బండికి కాదు, ఫలానా తేదీ ఫలానా సర్వీసుకు. అంటే ఒక టేబుల్ కాదు, మూడు కావాలి: సర్వీసు, ఆ రోజు ట్రిప్పు, బండి. ఈ తేడా పట్టుకోవడమే డిజైన్. మిగతాది టైపింగ్.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే. ఆన్‌లైన్ బ్యాంకింగ్ సిస్టమ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, బయట కొన్న కోడ్, గట్టి అట్టకు బంగారు అక్షరాల బైండింగ్. ఇప్పుడు కొనాల్సిన పని కూడా లేదు. ఏఐ పనిముట్లు సాయంత్రానికల్లా లాగిన్ పేజీ నుంచి రిపోర్టు దాకా రాసిపెడుతున్నాయి. దాన్ని ఆపాలనడం లేదు. కోడ్ రాయడం ఇంత తేలికైనప్పుడు కోడ్‌కి మార్కులు వేసి ఏం కొలుస్తున్నామని మాత్రం అడగాలి. వార్డెన్ మనసులో ఉన్న రూలు, గుమస్తా రిజిస్టర్ మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్న గుర్తు ఏ పనిముట్టుకూ తెలియవు. వాటిని బయటికి తీసి రాయగలగడమే ఇక విద్యార్థికి మిగిలిన విద్య.

కాబట్టి డీబీఎంఎస్ ల్యాబ్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబ్, మినీ ప్రాజెక్టు మూడూ కలిపి రెండు సెమిస్టర్ల పాటు ఒకే వ్యవస్థ మీద నడపాలి. ఆ వ్యవస్థ కాలేజీ ఆవరణలోనే ఉండాలి, చిన్నదై ఉండాలి, దాన్ని నిజంగా వాడే మనిషి ఉండాలి. దాదాపు ప్రతి కాలేజీలో ఉన్న ఒకటి తీసుకుంటే ఎలా నడుస్తుందో వివరంగా రాస్తాం. హాస్టల్ మెస్ బిల్లు.

డివైడింగ్ సిస్టమ్‌లో నడిచే మెస్‌లో లెక్క పైకి చాలా తేలిక. నెల ఖర్చును మొత్తం భోజన దినాలతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. ఎవరెన్ని రోజులు తింటే అన్ని రోజులకు బిల్లు. 180 మంది, 30 రోజులు, అంటే 5,400 దినాలు. సెలవులో వెళ్లినవి 612 తీసేస్తే 4,788. ఖర్చు 5,00,000 రూపాయలు అనుకుందాం. భాగిస్తే 104.4277 ఇంకా సాగుతూనే ఉంటుంది. ఇక్కడే మొదటి ప్రశ్న. 104 అని బిల్లు వేస్తే 2,048 రూపాయలు తక్కువ పడతాయి. 105 వేస్తే 2,740 ఎక్కువ వస్తాయి. పైసలతో 104.43 వేసినా 10 రూపాయల 84 పైసలు మిగులు. ఆ తేడా ఏ ఖాతాలోకి వెళ్తుంది, వచ్చే నెలకు తీసుకెళ్తారా, ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్న అడగని టీము డిజైన్ మొదలుపెట్టనట్టే. పైగా రేటు కాలమ్‌ని ఫ్లోట్‌గా (దశాంశాలను సుమారుగా దాచే రకం) పెడితే ఇంకో తలనొప్పి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర్లో ఎక్కడో ఒక 4 తేలుతుంది. డబ్బుకు డెసిమల్ (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే రకం) వాడాలి, లేదా పైసల్లో పూర్ణసంఖ్యగా దాచాలి.

మొదటి మూడు వారాలు కంప్యూటర్ తెరవకూడదు. నలుగురి టీము. కావలసినవి గత మూడు నెలల మెస్ హాజరు రిజిస్టర్, సెలవు చీటీలు, స్టాకు రిజిస్టర్, కూరగాయల, పాల, గ్యాస్ బిల్లులు, నోటీసు బోర్డులో అంటించిన బిల్లుల జాబితా. వీటి జెరాక్సులు తీసుకుని వార్డెన్‌ను, మెస్ గుమస్తాను, వంటమాస్టర్‌ను, విద్యార్థుల మెస్ ప్రతినిధిని విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి. నలుగురినీ ఒక్కచోట అడిగితే వార్డెన్ చెప్పిందే మిగతా ముగ్గురూ అంటారు. దొరికిన ప్రతి రూలూ ఒక కాగితం మీద రాసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కింద రాయాలి. రెండు రూళ్లు ఒకదానికొకటి పొసగకపోతే అది సమస్య కాదు, పంట. ముందుగా చీటీ ఇస్తేనే మెస్ కట్ (లేని రోజులకు బిల్లు తగ్గింపు) అని వార్డెన్ చెబుతారు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినా రాసుకుంటున్నామని గుమస్తా చెబుతాడు. రెండూ నిజమే. వ్యవస్థలో ఏది ఉండాలో వార్డెన్ సంతకం పెట్టి తేల్చాలి.

ఆ తర్వాత, ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాగితాలతో గత నెల బిల్లును టీము చేత్తో కట్టాలి. కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. నోటీసు బోర్డు మీద ఉన్న అంకె రావాలి. మొదటిసారి రాదు. ఎందుకు రాలేదో వెతికితే రూళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి.

సాధారణంగా దొర్లే పొరపాట్లలో మొదటిది ఖర్చు. ఆ నెల కొన్న బిల్లులన్నీ కూడి ఖర్చు అనుకుంటారు. నెల మొదట్లో స్టోర్‌లో 12 బస్తాల బియ్యం ఉంది, 40 కొన్నారు, ఆఖరి రోజున 21 మిగిలాయి అనుకోండి. వండింది 31 బస్తాలే. 40 అని లెక్కేస్తే తొమ్మిది బస్తాలు అదనం. బస్తా 1,250 రూపాయలైతే 11,250. భోజన దినానికి రమారమి 2 రూపాయల 35 పైసలు ఈ నెల తిన్నవాళ్ల మీద పడి, వచ్చే నెల తినేవాళ్లకు మిగులుతుంది. అందుకే వ్యవస్థకు కొనుగోలు టేబుల్ ఒక్కటే చాలదు. స్టోర్ నుంచి వంటింటికి ఇచ్చిన లెక్క, నెలాఖరు నిల్వ లెక్క రెండూ ఉండాలి. వంటమాస్టర్‌ను అడిగితే ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్తాడు. పుస్తకంలోని డేటా ఫ్లో డయాగ్రమ్ చెప్పదు.

రెండోది సెలవు. కనీసం మూడు రోజులు వరసగా వెళ్తేనే మెస్ కట్ అన్న రూలు ఉందనుకుందాం. దసరాకు ఒక విద్యార్థి సెప్టెంబరు 29, 30, అక్టోబరు 1, 2 తేదీల్లో లేడు. నాలుగు రోజులు. ప్రోగ్రాం నెలవారీగా లెక్కిస్తే సెప్టెంబరులో రెండు, అక్టోబరులో రెండు. రెండు నెలల్లోనూ మూడుకు తక్కువే, కాబట్టి ఒక్క రోజు కూడా తగ్గించదు. సెలవు అర్హత మొత్తం సెలవు మీద చూడాలి, తగ్గింపు మాత్రం ఏ నెల రోజులు ఆ నెలలో వేయాలి. ఇవి రెండు వేర్వేరు మెట్లు. రోజులు ఎంచడంలోనూ అంతే, 2వ తేదీలోంచి 29వ తేదీని తీసేస్తే కంప్యూటర్ మూడు అంటుంది, తినని రోజులు నాలుగు. పొద్దున టిఫిన్ తిని బయల్దేరిన రోజు సెలవు కిందికి వస్తుందా రాదా అన్నది ఇంకో రూలు. దానికీ కాగితం ఉండాలి.

టేబుళ్ల దగ్గరికి వద్దాం. హాల్ టికెట్ నంబరుతోనే చాలా టీములు దెబ్బతింటాయి. జేఎన్‌టీయూ పద్ధతిలో పది గుర్తులుంటాయి. చేరిన సంవత్సరానికి రెండు అంకెలు, కాలేజీ కోడ్‌కు రెండు, రెగ్యులర్‌కు 1ఏ, లేటరల్ ఎంట్రీకి 5ఏ, బ్రాంచికి రెండు అంకెలు, చివర రెండు వరుస సంఖ్య. ఆ వరుస 99 తర్వాత 100 కాదు, ఏ0. చివరి రెండిటినీ సంఖ్యగా దాచిన ప్రోగ్రాం వందో విద్యార్థి దగ్గర ఆగిపోతుంది. మొదటి రెండు అంకెల్ని బట్టి బ్యాచ్ తేల్చే ప్రోగ్రాం డిప్లొమా నుంచి వచ్చిన పిల్లల్ని జూనియర్లలో కలిపేస్తుంది, ఎందుకంటే వాళ్లు నేరుగా రెండో ఏడాదిలో చేరారు. నంబరు లోపల అర్థం వెతక్కూడదు. బ్యాచ్‌కి వేరే కాలమ్ ఉండాలి.

పేరు కూడా అంత తేలిక కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెడితే మన ఇంటిపేర్లు సగం మందికి ముందు, సగం మందికి వెనక పడతాయి. సర్టిఫికెట్లో ఉన్నది ఉన్నట్టు ఒకే గడిలో పెట్టడం మేలు. తెలుగులో దాచాలంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. శ్రీనివాసరావు అన్న పేరు కంటికి ఆరు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొచ్చి పదమూడు. దాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, మొత్తం ముప్పై తొమ్మిది. ఒరాకిల్ డేటాబేస్‌లో గడి సైజు వార్‌క్యార్2(20) అని రాస్తే మామూలుగా అది ఇరవై బైట్లు. ఈ పేరు అందులో పట్టదు, ఎర్రర్ వస్తుంది. విద్యార్థి మాత్రం ఇరవై అక్షరాల చోటిచ్చాననే అనుకుంటాడు.

ఇక ప్రతి టేబుల్‌కీ అడగాల్సిన ప్రశ్న, ఇది ఇవాళ్టి స్థితా, జరిగిన సంగతా? విద్యార్థి గది నంబరు అతని వరసలోనే రాసి, గది మారినప్పుడు దాన్ని దిద్దేస్తే పాత నెల లెక్క తిరిగి తీయలేం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ గదిలో ఉన్నాడు అని వేరే టేబుల్ ఉండాలి. బిల్లు ఇంకా కీలకం. వేసిన బిల్లులో ఆనాటి రేటు, ఆనాటి దినాలు అలాగే నిలిచిపోవాలి. తర్వాత పాత సెలవు చీటీ ఒకటి బయటపడితే పాత బిల్లును దిద్దకూడదు, వచ్చే నెల సర్దుబాటుగా ఒక వరస వేయాలి. షావుకారు చిట్టాలో రబ్బరు వాడడు, కొట్టేసి కింద రాస్తాడు. డబ్బు లెక్కల టేబుళ్లలో అప్‌డేట్, డిలీట్ హక్కులు ఎవరికీ ఇవ్వకపోతే సగం గొడవలు రావు.

ఒకే విద్యార్థికి ఒకే నెల రెండు బిల్లులు పడకుండా యునీక్ కన్‌స్ట్రెయింట్ (రెండోదాన్ని ఎక్కనివ్వని కట్టుబాటు) పెట్టాలి. సెలవు ముగిసే తేదీ మొదలైన తేదీకి ముందు ఉండకుండా చెక్ అనే షరతు పెట్టాలి. ఇక్కడొక హెచ్చరిక. ల్యాబ్‌లలో వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0.16కు ముందు వెర్షన్లు చెక్ కన్‌స్ట్రెయింట్‌ను చదివి, ఏ ఎర్రరూ చూపకుండా వదిలేసేవి. పాత వెర్షన్ ఉన్న ల్యాబ్‌లలో విద్యార్థి రికార్డులో చెక్ రాస్తాడు, మార్కులు పడతాయి, టేబుల్‌లోకి తప్పుడు తేదీ దర్జాగా వెళ్తుంది. కన్‌స్ట్రెయింట్ రాశాక తప్పుడు వరస ఒకటి ఎక్కించి చూడటం ల్యాబ్‌లో తప్పనిసరి చేయాలి. ఒకే విద్యార్థి రెండు సెలవులు ఒకదాని మీద ఒకటి పడటం మరో సంగతి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో తేదీల రేంజ్ మీద ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్‌తో డేటాబేసే అడ్డుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గరో (వరస ఎక్కేటప్పుడు తనంతట నడిచే కోడ్), ప్రోగ్రాంలో తనిఖీయో రాసుకోవాలి. నార్మల్ ఫారాల నిర్వచనాలు అప్పజెప్పించడం కన్నా ఇలాంటివి నాలుగు చేయించడం మేలు.

నెల బిల్లు వేసేది 180 వరసల పని. తొంభై ఏడో వరస దగ్గర కరెంటు పోతే? మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో (పడితే అన్నీ, లేకపోతే ఏదీ పడని కట్ట) ఉంటే ఏదీ పడనట్టు, మళ్లీ మొదటి నుంచి వేయొచ్చు. లేకపోతే సగం మందికి బిల్లు పడి, సగం మందికి పడక, రెండోసారి నొక్కితే, యునీక్ కన్‌స్ట్రెయింట్ కూడా లేని చోట, మొదటి సగానికి రెండుసార్లు పడుతుంది. పరీక్ష పెట్టేటప్పుడు మధ్యలో ప్లగ్ పీకి చూపించమనాలి. ట్రాన్సాక్షన్‌కు పుస్తకం చెప్పే ఏసిడ్ లక్షణాల్లో 'అన్నీ లేదా ఏదీ కాదు' అన్నది అప్పుడు ఒంటబడుతుంది. పాస్‌వర్డులను హ్యాష్ చేయడం (వెనక్కి చదవలేని రూపంలో దాచడం), క్వెరీల్లో పేర్లను నేరుగా అతికించకుండా పారామీటర్లుగా పంపడం లాంటివి ఇవాళ చర్చించాల్సినవి కావు, లేకపోతే మార్కులు తీసేయడమే.

పాత లెక్కల్ని కొత్తదాంట్లోకి ఎక్కించడం అన్నది మన సిలబస్‌లో దాదాపు లేదు. బయట మాత్రం వ్యవస్థలు ఎక్కువగా తడబడేది అక్కడే. గుమస్తా ఎక్సెల్ ఫైలు ఇస్తాడు. అందులో 3వ తేదీ ఏప్రిల్ అని కొట్టింది కొన్నిచోట్ల మార్చి 4 అయి ఉంటుంది. రోజు 12 లోపుంటే ఎక్సెల్ నెలగా తీసుకుని మార్చేస్తుంది, 12 దాటితే మార్చలేక అక్షరాలుగా వదిలేస్తుంది. కాలమ్‌ని వెడల్పు చేసి చూస్తే మారినవి కుడివైపు, మారనివి ఎడమవైపు అంటుకుని కనిపిస్తాయి. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ ఉంటే ఆ కాలమ్ మొత్తాన్ని చీటీలతో సరిచూడాలి. డిపాజిట్ తిరిగివ్వడానికి రాసుకున్న బ్యాంకు ఖాతా నంబర్లదీ ఇదే కథ. ఎక్సెల్ పదిహేను అంకెల దాకానే నిలుపుకుంటుంది, పదహారో అంకె సున్నా అయిపోతుంది. ఖాతా నంబరు, ఫోన్ నంబరు సంఖ్యలు కావు, అక్షరాలుగానే దాచాలి. ఆధార్ నంబరు మెస్ బిల్లుకు అక్కర్లేదు, కాబట్టి అడగకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా అదే, పనికి కావలసినంతే తీసుకోవాలి.

ఎంత వెనక్కి వెళ్లి ఎక్కించాలన్నది కూడా ఒక నిర్ణయం. ఇల్లో, స్థలమో కొన్నవారికి తెలుసు, ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి పుస్తకాలు తీయించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో కార్డ్ అనే రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ పథకం పేరుతో 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పలేదు. ఆ గీత ఇవాళ్టికీ జనం పనుల్లో కనిపిస్తోంది. మెస్ విషయంలో గీత ఎక్కడ? రెండు నెలల వెనక్కా, ఈ విద్యాసంవత్సరం మొదటికా? బాకీలున్నవాళ్ల ప్రారంభ నిల్వలు ఎవరు ధ్రువీకరిస్తారు? ఇది చిన్న తరహాలో అదే పాఠం.

కొత్తది సిద్ధమయ్యాక పాతదాన్ని వెంటనే ఆపకూడదు. రెండు నెలలు రెండూ పక్కపక్కనే నడవాలి. గుమస్తా చేత్తో కట్టిన బిల్లు, ప్రోగ్రాం కట్టిన బిల్లు పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన ప్రతి పేరుకీ కారణం రాయాలి. రిజిస్టర్లో తప్పా, ప్రోగ్రాంలో తప్పా, రూలు అర్థం కాలేదా? మొదటి నెల ఈ జాబితా పొడుగ్గా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. కారణం తెలియని తేడా ఒక్కటి కూడా లేని నెల వచ్చాకే మార్పిడి. దీనితోపాటు అనుమానాల జాబితా ఒకటి ప్రోగ్రామే తీయాలి: సున్నా బిల్లు పడినవాళ్లు, గత నెలతో పోలిస్తే సగానికి పడిపోయినవాళ్లు, నెలలో ఉన్న రోజులకన్నా ఎక్కువ దినాలు పడినవాళ్లు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99 మార్కులు రావలసిన విద్యార్థినికి సున్నా నమోదైన ఉదంతం ఎవరూ మరచిపోలేదు. మిగతా పేపర్లలో మంచి మార్కులుండి ఒక్కదాంట్లో సున్నా ఉన్నవారి పేర్లు ఇవ్వు అన్న క్వెరీ నాలుగు వరసలు. ఫలితం ప్రకటించే ముందు దాన్ని నడిపి, వచ్చిన ప్రతి పేపరూ ఒక మనిషి తీసి చూడాలి. సమాచార వ్యవస్థ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఈ అలవాటు చేతివేళ్లలో ఉండాలి. తప్పు అంకె వెనక ఒక పిల్ల ప్రాణం కొట్టుకుంటుందని మన రాష్ట్రాలకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండు సెమిస్టర్లు ఎందుకని అడగొచ్చు. ఒక దశ ముగిశాకే ఇంకో దశ అనే వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మకు మూలమని మన పుస్తకాలు చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి వ్యాసంలోనే, ఆ వరసను అలాగే పాటిస్తే ప్రమాదమని, పనిని రెండుసార్లు చేయాలని ఉంది. మనవాళ్లు బొమ్మ గీసి లాభనష్టాలు రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకుంటారు, ఆ మాట మాత్రం చేరదు. మొదటి సెమిస్టర్లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో, ముడి తెరలతో ఒకటి చేసి గుమస్తా ముందు పెట్టాలి. అతను వాడుతుంటే పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. రిజిస్టర్లో గది వరసన ఉన్న పేర్లు తెర మీద అక్షర క్రమంలో ఉంటే అతని చెయ్యి ఎక్కడ ఆగుతుందో కనిపిస్తుంది. మౌస్ పట్టుకోకుండా ట్యాబ్, ఎంటర్‌లతోనే నూట ఎనభై మంది హాజరు పది నిమిషాల్లో పడుతుందా? పడకపోతే అతను రిజిస్టర్లోనే రాసుకుని నెలాఖరున ఒక్కసారి ఎక్కిస్తాడు, అప్పుడు వ్యవస్థ ఉండీ లేనట్టే. మొదటిదాన్ని పారేసి రెండో సెమిస్టర్లో అసలుది కట్టాలి.

మార్కులు ఎక్కడుంటే చదువు అక్కడికే వెళ్తుంది. వందలో రూళ్ల సేకరణకూ, చేత్తో గత నెల బిల్లు రాబట్టడానికీ 25, డిజైన్‌కు 20, ప్రోగ్రాంకు 20, పాత డేటా ఎక్కించి రెండు నెలలు పక్కపక్కన నడిపినందుకు 20, అప్పగింతకు 15 ఇవ్వాలని మా ప్రతిపాదన. అప్పగింత అంటే తెలుగులో నాలుగు పేజీల వాడుక పుస్తకం, ఇంకా ఒక పరీక్ష. ఎగ్జామినర్ ముందు డేటాబేస్ తుడిచేసి, నిన్నటి బ్యాకప్ నుంచి అరగంటలో నిలబెట్టాలి. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. వైవాలో నిర్వచనాలు అడగొద్దు. "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మెస్ కట్ కనీసం మూడు కాదు, నాలుగు రోజులు. పాత బిల్లులు మారకూడదు. చేసి చూపించండి" అనాలి. ప్రోగ్రాంలో 3 అని రాసేసిన టీముకు చెమటలు పడతాయి. రూలుకు అమలు తేదీ పెట్టి టేబుల్‌లో ఉంచిన టీము ఒక వరస ఎక్కించి కూర్చుంటుంది. కొన్న ప్రాజెక్టుతో, ఎవరో రాసిచ్చిన కోడ్‌తో వచ్చినవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

సెక్షన్‌కి అరవై మంది, అంటే పదిహేను టీములు, అందరూ మెస్ మీద పడితే గుమస్తా పారిపోతాడన్న మాట నిజమే. మూడు టీములకు మించి ఒక చోటికి పంపకూడదు. ఆవరణలో ల్యాబ్ పరికరాల స్టాకు రిజిస్టర్, కాలేజీ బస్సు పాసులు, స్పోర్ట్స్ రూమ్ సామాను, క్యాంటీన్ అప్పు ఖాతాలు ఉన్నాయి. పల్లెలకు దగ్గరున్న కాలేజీలకు పాల సేకరణ కేంద్రం అద్భుతమైన పాఠం. లీటర్లు, ఫ్యాట్, దాన్ని బట్టి రేటు చార్టు, పది రోజులకో పదిహేను రోజులకో చెల్లింపు, మధ్యలో దాణా అప్పు కోత. అధ్యాపకులకు పని పెరుగుతుంది, అది దాచాల్సింది కాదు. వారానికి రెండు ల్యాబ్ పీరియడ్లు బయట తిరగడానికి టైంటేబుల్లోనే రాయాలి, హాస్టల్ వార్డెన్‌కు ప్రిన్సిపాల్ నుంచి ఉత్తరం వెళ్లాలి, విద్యార్థుల వివరాలు కాలేజీ మెషీన్ దాటి ఉచిత క్లౌడ్‌లోకి పోకుండా ఒకరు బాధ్యత తీసుకోవాలి.

చదువు ముగించి వెళ్లిపోయాక ఎవరు చూసుకుంటారన్నది ఇంకో అభ్యంతరం. కింది బ్యాచ్ చూసుకోవాలి. కోడ్, రూళ్ల కాగితాలు గిట్‌లో (ప్రతి మార్పునూ గుర్తుంచుకునే సాఫ్ట్‌వేర్) ఉండాలి. మూడో ఏడాదికి వచ్చినవాళ్ల మొదటి పని సీనియర్ల వ్యవస్థలో వార్డెన్ అడిగిన ఒక మార్పు, అతిథుల భోజనాల చార్జీ లాంటిది, చేసిపెట్టడం. ఇంకొకరు రాసిన టేబుళ్లు చదివి, దేన్నీ విరగ్గొట్టకుండా మార్చడమే ఉద్యోగంలో మొదటి రోజు ఎదురయ్యే పని.

స్వయంప్రతిపత్తి కాలేజీల్లో సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు దీనికి యూనివర్సిటీ కొత్త రెగ్యులేషన్ దాకా ఆగక్కర్లేదు. తమ సిలబస్‌లో ఉన్న ల్యాబ్‌లనే ఇలా కలుపుకోవచ్చు. ఈ సెమిస్టర్లోనే మొదలుపెట్టాలనుకునే అధ్యాపకులు ముందుగా చేయవలసింది ఒక్కటే. ఈ నెల మెస్ బిల్లు నోటీసు బోర్డు మీద పడిన రోజున దాన్ని ఫొటో తీసి పెట్టుకుని, దానికి ఆధారమైన రిజిస్టర్లు, చీటీలు అటకెక్కకముందే జెరాక్స్ తీయించండి. మరుసటి నెల వెతికితే సెలవు చీటీలు దొరకవు.

ఇట్లు,
డేటాబేస్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధించే అధ్యాపకులు,
కాకినాడ